అమ్మ లాకెట్‌కి ఎంత రాయి కావాలి?

ప్రశ్న: మా అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఆవిడ ఎప్పుడూ వేలికి ఉంచుకునే ఉంగరంలో ఒక చిన్న డైమండ్ ఉంది, ఉంగరం మాత్రం అరిగి బాగా సన్నబడిపోయింది. ఆ రాయి తీయించి లాకెట్ మీద పెట్టించుకుని, లోపల అమ్మ జుట్టు కొంచెం దాచుకుందామని నా ఆశ. షాపులో చూపిస్తే "ఇది ఇరవై సెంట్లే అండీ, లాకెట్ మీద ఆనదు, ఇది మాకిచ్చేసి అర క్యారెట్ తీసుకోండి" అన్నారు. మా అన్నయ్య అయితే అమ్మ పేరు మీద చేయించేది క్యారెట్‌కి తగ్గకూడదని పట్టుబట్టాడు. ఇంకొకరు జుట్టుతోనే డైమండ్ తయారు చేస్తారట కదా అన్నారు. నాకు ఈ సెంట్లు, క్యారెట్లు ఏవీ తలకెక్కట్లేదు. ఎంత సైజు అంటే ఎంత కనిపిస్తుందో చెప్తారా?

జవాబు: ముందు ఒక్క మాట అడుగుతాను, ఉంగరం ఆ షాపులోనే వదిలేసి రాలేదు కదా? ఇంట్లోనే ఉంటే ఇక కంగారు పడేదేం లేదు, మిగతాదంతా నిదానంగా చూసుకోవచ్చు. ఎనిమిది నెలలు ఆగారు, ఇంకో నెల ఆగితే పోయేదేం లేదు.

మీకు తలకెక్కకపోవడంలో మీ తప్పేం లేదండీ, ఆ మాటే అందర్నీ తికమక పెడుతుంది. క్యారెట్ అంటే మనం సైజు అనుకుంటాం, అది బరువు. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే క్యారెట్ రాళ్ళు ఐదు కలిపితే ఒక గ్రాము. ఆ క్యారెట్‌ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు, కొందరు పాయింట్ అంటారు, రెండూ ఒకటే. మీ అమ్మగారి రాయి ఇరవై సెంట్లు అంటే 40 మిల్లీగ్రాములన్నమాట. దీనికి తోడు బంగారానికి కూడా క్యారెట్ అనే మాటే వాడతాం, 24 అంటే మేలిమి, 22, 18 అంటే ఏదో కలిసింది అని, దానికీ దీనికీ ఏ సంబంధం లేదు, ఒకటి స్వచ్ఛత, ఇంకోటి బరువు. పూర్వం కారబ్ అనే చెట్టు గింజలు వేసి తూచేవాళ్ళట, పేరు అక్కణ్ణుంచే వచ్చింది, ఊరికో రకంగా ఉండే ఆ తూకాన్ని 200 మిల్లీగ్రాములని ఖాయం చేసింది 1907లో.

సరే, బరువు సంగతి తేలింది. కానీ మీ కంటికి బరువు కనిపించదు కదా, కనిపించేది రాయి మొహం ఎంత వెడల్పుందో అది, అంటే మిల్లీమీటర్లు. గుండ్రటి రాయి సరిగ్గా చెక్కినదైతే లెక్క దాదాపు ఇలా ఉంటుంది: పది సెంట్లకి 3 మిల్లీమీటర్లు, మీ ఇరవై సెంట్లకి 3.8, పావు క్యారెట్‌కి 4.1, అర క్యారెట్‌కి 5.1 చిల్లర, ముప్పావుకి 5.8, క్యారెట్‌కి 6.5, రెండు క్యారెట్లకి 8.1 అలా.

ఇప్పుడు ఆ అంకెల్ని ఇంకోసారి చూడండి. అర క్యారెట్ నుంచి క్యారెట్‌కి బరువు రెండింతలైంది, వెడల్పు మాత్రం 5.1 నుంచి 6.5కి వచ్చింది, అంటే ఒక పాతిక శాతం పెరిగింది అంతే. మీ ఇరవై సెంట్ల రాయి క్యారెట్ రాయిలో ఐదో వంతు బరువు, కానీ వెడల్పులో సగం కన్నా ఎక్కువే ఉంది! ఎందుకంటే రాయి పక్కలకి పెరిగినప్పుడు కిందకి కూడా పెరుగుతుంది, ఆ పెరిగిన బరువులో చాలా భాగం లోపల, నగ కింద దాక్కుంటుంది. వెడల్పు రెండింతలు కావాలంటే బరువు ఎనిమిదింతలు కావాలి. డబ్బు ఎనిమిదింతలతో కూడా ఆగదు, పెద్ద రాళ్ళు అరుదు కాబట్టి సెంటు రేటు కూడా పైకి ఎగబాకుతుంది, పైగా అర, ముక్కాలు, ఒకటి లాంటి గుండ్రటి అంకెల దగ్గర ఒక్కసారిగా గంతేస్తుంది. 0.90 రాయికీ 1.00 రాయికీ తేడా పావు మిల్లీమీటరు, పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప ఎవరూ చెప్పలేరు, ధరలో మాత్రం బాగా కనిపిస్తుంది.

అంకెలు చదివితే సరిపోదు, ఒక చిన్న పని చేయండి. పెన్సిల్ వెనక రబ్బరు ఉంటుంది కదా, అది ఇంచుమించు క్యారెట్ రాయి అంత. ఒక తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి 3.8, 5, 6.5 మిల్లీమీటర్ల చుక్కలు మూడు గీయండి, ఒక్కో చుక్క చుట్టూ మీరు అనుకుంటున్న లాకెట్ ఆకారం గీసి కత్తిరించండి, మామూలు లాకెట్ 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని టేపుతో మెడ దగ్గర లాకెట్ వేలాడే చోట అంటించుకుని అద్దంలో చూసుకోండి. అయితే అద్దం మోసం చేస్తుంది, అడుగున్నర దూరంలో నిలబడితే మిమ్మల్ని మీరు మూడడుగుల దూరం నుంచి చూసుకుంటున్నట్టు లెక్క. అందుకే ఎదుటివాళ్ళు ఎంత దూరం నుంచి చూస్తారో అందులో సగం దూరంలో నిలబడాలి. ఇంకో సంగతి, లాకెట్ మీరు చూసుకునేది అద్దంలో కాదు, చేత్తో పట్టుకుని తల వంచి చూసుకుంటారు, అప్పుడు 3.8 చిన్నగా అనిపించదు, చేసి చూడండి.

ఫోటోలు చూసి మాత్రం సైజు నిర్ణయించుకోకండి. మా నాన్న పోయినప్పుడు నేనూ ఒక పెండెంట్ చేయించుకున్నా, స్క్రీన్ మీద రాయి నా బొటనవేలి గోరంత కనిపించింది, కింద అర క్యారెట్ అని రాసుంది, తెగ సంబరపడిపోయి ఆర్డర్ పెట్టేశా. వచ్చాక విప్పి చూస్తే ఏడు రాళ్ళు పువ్వులా కూర్చినది, అన్నీ కలిపితే అర క్యారెట్, ఒక్కోటి ఏడు సెంట్లు, అంటే రెండున్నర మిల్లీమీటర్ల పైన ఏదో కొంచెం. అడిగితే "మేడమ్, టోటల్ వెయిట్ అని రాశాం కదా" అన్నారు, నిజమే, రాశారు, చీమ తలకాయంత అక్షరాల్లో. మీరు ఏది కొన్నా మధ్య రాయి బరువెంత, మొత్తం బరువెంత అని విడివిడిగా రాయించుకోండి.

ఇక అసలు విషయం, మీది మామూలు పెండెంట్ కాదు, లోపల జుట్టు దాచుకునే లాకెట్. ఇక్కడ వెడల్పు కన్నా లోతు ముఖ్యం, దీని గురించి షాపులో ఎవరూ మీకు చెప్పినట్టు లేరు. గుండ్రటి డైమండ్ బొంగరంలా ఉంటుంది, పైన బల్లపరుపు, కింద కోసు. మొత్తం లోతు వెడల్పులో 60 శాతం చిల్లర, అందులో నడుము (రాయి అన్నిటికన్నా వెడల్పుగా ఉండే చోటు) కింద ఉండే కోసు భాగమే 43 శాతం దాకా ఉంటుంది. అంటే క్యారెట్ రాయి అయితే నడుము కింద 2.8 మిల్లీమీటర్లు దిగుతుంది, మీ ఇరవై సెంట్లది 1.6 మాత్రమే. లాకెట్ మూత రేకు మహా అయితే మిల్లీమీటరు మందం ఉంటుంది. క్యారెట్ రాయి పెడితే ఆ మొన జుట్టు పెట్టే గదిలోకి పొడుచుకొస్తుంది, లేదంటే రాయిని గిన్నె లాంటి దాంట్లో పెట్టి మూత పైకి ఎత్తి కట్టాలి, అప్పుడది చీరకో జుట్టుకో తగులుకుంటూ ఉంటుంది, లాకెట్ కూడా బరువుకి ముందుకి వాలిపోతుంది. చిన్న రాయికి కూడా కొంచెం ఎత్తు కావాలి, కానీ అది మూతలో కలిసిపోయేంత. అందుకే నేనెప్పుడూ చెప్పేది, ముందు నగ ఏంటో తేల్చుకుని తర్వాత రాయి సైజు దగ్గరికి రావాలి, అందరూ తిరగేసి చేస్తారు. మూత వెనక అమ్మ చేతిరాత చెక్కించాలని ఎప్పుడైనా అనిపిస్తే దానికీ చోటు మిగలాలి, అది కూడా ఇప్పుడే చెప్పండి.

మీ అమ్మగారి రాయి నిజంగా ఇరవై సెంట్లేనా అనేది కూడా చూసుకోండి. ఉంగరంలో ఉండగా రాయిని తూచలేరు, చూసి చెప్పింది అంచనా మాత్రమే. కొలిచే కాలిపర్‌తో వెడల్పు, లోతు తీసుకుని వెడల్పుని వెడల్పుతో గుణించి, దాన్ని లోతుతో గుణించి, వచ్చినదాన్ని 0.0061తో గుణిస్తే గుండ్రటి రాయికి క్యారెట్లలో దగ్గర దగ్గర బరువొస్తుంది. 3.8 వెడల్పు, 2.3 లోతు అనుకుంటే 0.20 వస్తుంది, మీరే ఫోన్‌లో కొట్టి చూడండి. రాయి బయటికి తీశాక మీ ఎదురుగా తూకం వేయించి ఆ అంకె రెండు దశాంశాల దాకా రాయించుకోండి.

ఉంగరం బాగా పాతదైతే రాయి పాత పద్ధతిలో చెక్కినది కావచ్చు, పైభాగం ఎత్తుగా, మధ్య బల్లపరుపు చిన్నగా, లోతు ఎక్కువగా ఉంటుంది, అలాంటివి బరువుకి తగ్గ వెడల్పు కనిపించవు. ఇప్పటి రాళ్ళలో కూడా కొన్నింటిని బరువు నిలబెట్టుకోవడానికి లోతుగా వదిలేస్తారు, క్యారెట్ అని ఉంటుంది, చూస్తే 6.1 మిల్లీమీటర్లే. సర్టిఫికెట్‌లో మెజర్‌మెంట్స్ అనే లైను ఉంటుంది, గుండ్రటి రాయికి రెండు వెడల్పులు, ఒక లోతు ఇస్తారు, కొత్త రాయి కొనేవాళ్ళు ఎవరైనా ముందు ఆ లైనే చదవాలి. కోలగా ఉండే ఓవల్, కన్నీటి బొట్టు లాంటి పేర్, రెండు కొనల మార్కీజ్ అదే బరువుకి పెద్దగా కనిపిస్తాయి, క్యారెట్ ఓవల్ 7.7కి 5.7 ఉంటుంది, నలుచదరం ప్రిన్సెస్ అయితే అయిదున్నరే. కొన ఉన్న ఆకారాలకి ఆ కొన దగ్గర దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది, డైమండ్ గట్టిది అంటే గీత పడదని అర్థం, పగలదని కాదు. ఇంకా, "క్యారెట్ సైజు" అని సీజెడ్ (డైమండ్‌లా కనిపించే కృత్రిమ రాయి, క్యూబిక్ జిర్కోనియా) రాళ్ళు అమ్ముతుంటారు, అది డైమండ్ కన్నా ఒకటిన్నర రెట్లకి పైగా బరువైన పదార్థం, ఆ మాటకి అర్థం 6.5 మిల్లీమీటర్లు అని మాత్రమే.

పాత రాయి కాబట్టి "మళ్ళీ సాన పట్టించి కొత్తగా చేద్దాం" అని కూడా ఎవరో ఒకరు అంటారు. వద్దండి. కోహినూర్ సంగతి వినే ఉంటారు, మెరుపు లేదని 1852లో లండన్‌లో మళ్ళీ చెక్కించారు, దగ్గరుండి చూసుకుంది విక్టోరియా మహారాణి భర్త ఆల్బర్ట్. అప్పటి పాత క్యారెట్లలో 186 ఉన్నది, ఇప్పటి లెక్కలో 105.6 క్యారెట్లకి వచ్చింది. నలభై శాతానికి పైనే పోయింది, అంత పెద్ద రాయికే! ఇరవై సెంట్ల దానికి పోగొట్టుకోవడానికి ఏముంది. ఆ ఆల్బర్ట్ 1861లో చనిపోతే ఆవిడ గుర్తుగా చేయించుకున్న లాకెట్ ఒకటుంది, నల్లటి ఓనిక్స్ రాయి, మధ్యలో చిన్న చిన్న రవ్వలతో నక్షత్రం, లోపల ఆయన ఫోటో, జుట్టు. కోహినూర్‌నే పెట్టెలో పెట్టుకున్న మనిషి లాకెట్ మీదకి రవ్వలే చాలనుకుంది. ఇది మీ అన్నయ్యకి చెప్పండి, వాదించక్కర్లేదు, ఊరికే కబురులా చెప్పండి.

అన్నయ్య బాధ కూడా అర్థం చేసుకోవచ్చు, అమ్మకి తక్కువ చేస్తున్నామేమో అని. ఆయనకి కావాల్సింది చూడగానే ఆనడం అయితే దానికి వేరే దారి ఉంది. అమ్మ రాయి మధ్యలో ఉంచి చుట్టూ 1.2 మిల్లీమీటర్ల రవ్వలు ఒక వరస కట్టిస్తే, అది హేలో అంటారు, ఒక పదమూడు పద్నాలుగు పడతాయి, ఒక్కోటి సెంటు కూడా ఉండదు, మొత్తం కలిపి దూరానికి క్యారెట్ రాయి అంత వెడల్పు వస్తుంది, లోతు మాత్రం పెరగదు. ఆ రవ్వలు అన్నయ్యని కొనిపెట్టమనండి. లేదా హేలో వద్దనుకుంటే రాయి చుట్టూ బెజెల్ కట్టించండి, అంటే గోళ్ళలా పట్టుకునే ప్రాంగ్స్ బదులు చుట్టూ సన్నటి రేకు అంచు, తెల్లటి లోహంతో చేస్తే రాయి అంచు ఎక్కడ అయిపోయిందో తెలియక కొంచెం పెద్దగా కనిపిస్తుంది, తగులుకోదు, రోజూ వేసుకునేదానికి నా ఓటు దీనికే.

షాపువాళ్ళు చెప్పిన మార్పిడి మాత్రం నేను ఒప్పుకోను. వాళ్ళకి అది పాత సరుకు, కొత్త రాయి అమ్ముడుపోతే లాభం. మీకు 3.8 నుంచి 5.1కి, అంటే 1.3 మిల్లీమీటర్లు కలిసొస్తుంది, బదులుగా అమ్మ చేతికి ఉన్న రాయి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత మీ మెడలో ఉండేది ఎవరిది?

జుట్టుతో డైమండ్ అనేది అబద్ధం కాదు, చేస్తారు. జుట్టులో బరువుకి దాదాపు సగం కార్బన్ ఉంటుంది, దాన్ని వేరు చేసి, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి యాభై అరవై వేల రెట్ల ఒత్తిడి, 1300 డిగ్రీల సెల్సియస్ పైన వేడి కింద, కరిగిన లోహంలోంచి విత్తనంలా పనిచేసే ఒక చిన్న డైమండ్ ముక్క మీద పెంచుతారు. అంటే మొదలుపెట్టే ఆ కాస్త విత్తనం మీ అమ్మది కాదు, అది ముందే తెలిసుండాలి. నైట్రోజన్ చేరి పసుపు, నారింజ రంగు రావడం మామూలు, బోరాన్ కలిపితే నీలం. సైజు పెరిగేకొద్దీ రోజులు పెరుగుతాయి, చెడిపోయే అవకాశం కూడా పెరుగుతుంది. చేయించుకోవాలనుకుంటే అడగాల్సినవి: మీరు చెప్పే బరువు పచ్చి రాయిదా, చెక్కాక మిగిలినదా (చెక్కేటప్పుడు సగం దాకా పోవచ్చు), మా కార్బన్ చాలకపోతే బయటిది కలుపుతారా, ఎంత జుట్టు కావాలి, మిగిలింది తిరిగిస్తారా. ల్యాబ్ రిపోర్టు అది ల్యాబ్‌లో పెంచినదని చెప్తుంది గానీ ఎవరి జుట్టుతో పెంచారో ఏ పరీక్షా చెప్పదు, కార్బన్‌కి పేరుండదు, వాళ్ళ మాట మీద నమ్మకమే ఆధారం. మీ దగ్గర అమ్మ రాయి, అమ్మ జుట్టు రెండూ ఉన్నాయి, ఉన్న కాస్త జుట్టుని కొలిమికి పంపాలా అంటే నేనైతే పంపను, కానీ అది నా మనసు, మీది మీరు చూసుకోండి.

ఉంగరం పనికిచ్చే ముందు రాయిని కడగండి. డైమండ్‌కి జిడ్డు అంటే మహా ఇష్టం, ఏళ్ళ తరబడి సబ్బు, క్రీము, నూనె కింద కోసుకి పట్టేసుంటుంది, అప్పుడు వెలుగు తిరిగి పైకి రాక రాయి ఉన్నదానికన్నా చిన్నగా, మసకగా కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి పాత టూత్‌బ్రష్, వెనకవైపు నుంచి రుద్దండి. సింకు రంధ్రం మూసి మరీ చేయండి, ఇన్నేళ్ళు అరిగిన ప్రాంగ్స్ అవి. షాపులో మీరు చూపించింది మురికి రాయి అయ్యుండొచ్చు, కడిగాక ఒకసారి చూసి అప్పుడు చెప్పండి ఆనుతుందో లేదో. ఇది లాకెట్ అయ్యాక ఇలా నీళ్ళలో ముంచే వీలుండదు, లోపల జుట్టు తడుస్తుంది, ఆ తర్వాత మెత్తటి గుడ్డే.

ఇచ్చేటప్పుడు పది రెట్ల భూతద్దంలోంచి రాయిని మీరు కూడా చూడండి. లోపల ఏదో ఒక చుక్కో, ఈక లాంటి గీతో, అంచు దగ్గర చిన్న పెచ్చో ఉంటుంది, అది ఎటువైపుందో కాగితం మీద బొమ్మ గీసి, వెడల్పు, లోతు, బరువు పక్కన రాసి పని చేసే ఆయన సంతకం తీసుకోండి, తిరిగి వచ్చినప్పుడు అదే గుర్తు వెతుక్కోండి. పెచ్చు ఉంటే దాన్ని బెజెల్ అంచు కిందకి వచ్చేలా కట్టమనండి. మంట పెట్టి అతికే పనులన్నీ రాయి పెట్టకముందే అయిపోవాలని గట్టిగా చెప్పండి, డైమండ్ కూడా కార్బనే కదా, టార్చి మంట నేరుగా తగిలితే పైన తెల్లగా కాలి మసకబారుతుంది. జుట్టు మాత్రం షాపులో ఇవ్వకండి, లాకెట్ ఇంటికొచ్చాక మీరే బాగా ఆరినదాన్ని దారంతో చుట్టి పెట్టుకోండి.

ఇంకా ఆ అరిగిన ఉంగరం ఉంది కదా, రాయి తీసేశాక దాన్ని పాత బంగారం కింద లెక్క కట్టించేయకండి. 3.8 మిల్లీమీటర్ల రాయి చుట్టూ బెజెల్‌కి పట్టే బంగారం చాలా తక్కువ, ఎంత సన్నబడిన ఉంగరమైనా దానికి సరిపోతుంది, ఆ బంగారంతోనే అంచు కట్టమని, వీలైతే మీ ఎదురుగా కరిగించమని అడగండి. తెల్ల లోహం అనుకున్నాం కదా అంటే, పసుపు బంగారం అంచైతే రాయి ఆ కాస్త పెద్దగా కనిపించదు, అంతే తేడా.